చెట్టు పీకి చూడడం

కళ్యాణదుర్గం బస్టాండు వెనక
నా జిరాక్స్ అంగడి.
రెండు కంప్యూటర్లు.
ఒకటి గిరాకీలకు. ఇంకోటి పగలడానికి.

రెండోదానికి మూత లేదు.
దుమ్ము పడితే సైకిల్ పంపుతో ఊదుతాను.
రాత్రి షట్టరు సగం దించి
ఇంకా పుట్టని కూర్పులు దానికి ఎక్కిస్తాను.
జీతం లేదు.
ఆరేళ్ళ కింద ఒక 'క్ష' విరిగితే తిడుతూ రాశాను,
"సరిచేస్తే చూసి చెప్తావా" అని అడిగారు.
ఇంకా చెప్తూనే ఉన్నాను.

ఈసారి తగువు ఇది.
అక్షరాలు కూర్చే ఇంజను
పాతది పన్నెండో పేజీ దాటితే కూలబడుతుంది.
కొత్తది ఇంకా బీటా,
దాని అసలు విడుదల మా తలుపులు మూసిన మూడు వారాలకు.
గురువారం ఫ్రీజ్.
ఆ తర్వాత లోపలున్నది లోపల, బయటున్నది బయట,
ఐదేళ్ళు.

ప్యాకేజీ చూసే దేవసహాయం ఆదోని నుంచి ఫోన్ చేశాడు:
"బీటా అంటే భయం లేదు నాకు.
ఎవరూ వాడి చూడలేదంటేనే భయం."
నేను చూశానన్నాను, నెల రోజులుగా.
ఒకే ఒక పేజీతో చూశానని
అప్పటికి నాకూ తెలీదు.

మంగళవారం వన్నూరప్ప వచ్చాడు,
బీమాకు ఊరి రైతుల జాబితా, అక్షర క్రమంలో.
గిరాకీల మిషను 'ల' దాకా వచ్చి ఆగింది.
'వ' వాళ్ళకు ఈ ఏడు వాన పడినట్టే లెక్క.
సరే అని మూత లేనిదానిలో తీశాను.
పద్నాలుగు పేజీలూ గడగడా వచ్చాయి.

పదమూడో పేజీ తల మీద తన పేరు.
కాగితం వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

వనూరప.

"కింద ఉండేటివి యాడబోయినాయి పాపా?"

వెనక్కి తిప్పితే ప్రతి పేజీ మొదటి వరసలో
ఎవరో ఒకరికి ఒత్తు రాలింది.
ఎర్రిస్వామి ఎరిసామి అయ్యాడు.
"ఆయప్పను ఊర్లో పిలిచేదీ అట్లనేలే" అన్నాడు,
తన పేరు మీంచి వేలు తీయకుండా.

నల్ల పెన్నుతో ఒక్కొక్క ఒత్తూ చేత్తో పెట్టాను.
ఇది ఇంకా ముదరని సరుకన్నా అని చెప్పాను.
"మరి ఎందుకు తీసినావు?"
తీయకపోతే తెలిసేది కాదు.

ఆలోచించాడు.
"శెనక్కాయ ఎప్పుడు పీకాల్నో ఆకు జూసి చెప్పలేం.
నడి చేన్లో ఒక చెట్టు పీకాల.
గట్టు పక్కది కాదు, అది ఎప్పుడూ బాగనే ఉంటాది.
కాయ పగలగొట్టి పొట్టు లోపల సూడాల.
తెల్లగుంటే ఆగు, నల్లబడింటే పీకు.
శానా ఆగితివా, మట్లోనే మొలకెత్తుతాయి."

పీకిన ఆ చెట్టో?

"అది పాయె. పిల్లోళ్ళు తింటారు."

ఆ రాత్రి దేవసహాయానికి రాశాను:
పేజీ తల, తొలి వరస, ఒత్తు.
ఉదాహరణకు పేరు పెట్టొచ్చా అని ముందే అడిగాను.
"పెట్టుకో. తప్పుగా మాత్రం పెట్టొద్దు."

బుధవారం సగం సవరణ వచ్చింది.
గురువారం మధ్యాహ్నం మిగతా సగం.
'స్వ' ఇంకా ఒక వెంట్రుకంత కిందికి జారుతుంది,
ఆ జారుడుతోనే లోపలికి వెళ్ళింది.
నేనే సరే అన్నాను.
ఐదేళ్ళలో ఎవరైనా తిడితే అది నాకే.

ఇప్పుడు ప్రతి కొత్త కూర్పూ బయలుదేరే ముందు
ఎక్కడో ఒక యంత్రం
కాగితం లేకుండానే పన్నెండు పేజీలు తిప్పి
పదమూడో పేజీ తొలి వరస దగ్గర నిలబడి చూస్తుంది.
న కింద న. ప కింద ప.
ఉంటేనే గడప దాటనిస్తుంది.

నెల తర్వాత వన్నూరప్ప మళ్ళీ వచ్చాడు.
బీమా ఇంకా రాలేదు.
ఇదంతా చెప్పబోయాను,
ఆయన వేరే లెక్కలో ఉన్నాడు.
"ఆపొద్దు పద్నాలుగు పేజీలకు ఇరవై ఎనిమిది తీసుకుంటివి.
తప్పు వచ్చిన పేజీకి రెండు రూపాయలు తగ్గించాల గదా?"

తగ్గించాను.
తప్పు వచ్చినవి పద్నాలుగని
ఆయనకు గుర్తు చేయలేదు.